చప్పుళ్ళు రాసే మనిషి

కుట్టుగది,
వానలు మొదలైన వారం

ఆడపడుచుగారికి,

మీ అన్నయ్యను ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చాను. గండం గడిచిందన్నారు. కుడి చెయ్యీ కుడి కాలూ ఇంకా స్వాధీనంలోకి రాలేదు. మనుషుల్ని గుర్తుపడుతున్నారు, చెప్పింది అర్థమవుతోంది, ఆకలి బాగానే ఉంది. మాటలే పోయాయి. అంటే నోరు పడిపోయిందని కాదు. నోరు బాగానే పనిచేస్తోంది. దాంట్లోంచి వస్తున్నవే మాటలు కావు.

పొద్దున కాఫీ ఇస్తే "చుయ్" అన్నారు. కాలిందేమోనని చల్లార్చి ఇస్తే విసుక్కుని మళ్ళీ "చుయ్" అన్నారు. మధ్యాహ్నం తలుపు వైపు చూపించి "కిర్ర్" అన్నారు. తలుపు బందులకి నూనె పెట్టాను. అదీ కాదట. సాయంత్రం నా చేతిలోంచి పిండి డబ్బా జారి పడితే "ధభీ" అని పసిపిల్లాడిలా పకపకా నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

మాటలు నేర్పడానికి ఒకావిడ వారానికోసారి వస్తోంది. మెదడుకి ఇలాంటి దెబ్బ తగిలినప్పుడు ఎప్పటివో పాత మాటలు కొన్ని ఒక మూల భద్రంగా మిగులుతాయట. అవి ఎక్కడివో తెలిసినవాళ్ళుంటే వాటిని పట్టుకుని మిగతావాటి దగ్గరికి వెళ్ళొచ్చు అంది. మీ అన్నయ్య ఇన్నేళ్ళూ వారపత్రికలో బొమ్మల కథలకి అక్షరాలు రాశారు కదా. బొమ్మలు ఎవరో వేసేవారు, బుడగల్లో మాటలూ ఆ ఢామ్ములూ ఢుమ్ములూ ఈయన రాసేవారు. నేను వాటి మొహం ఎప్పుడూ చూడలేదు. పెద్దవాళ్ళు చదవాల్సినవి కావని నా ఉద్దేశం, ఇప్పటికీ అదే. కానీ మీరిద్దరూ చిన్నప్పుడు ఆ పుస్తకాల్లోనే పెరిగారని విన్నాను. మీరైతే ఏకంగా అద్దెపుస్తకాల షాపే పెట్టుకున్నారు.

ఫోను చేద్దామంటే మీకు వినిపించదు. రమ్మందామంటే మోకాలి ఆపరేషన్ అయి ఇంకా మెట్లు దిగడం లేదని తెలుసు. అందుకే ఉత్తరం. ఈ చప్పుళ్ళకి అర్థాలు తెలిస్తే రాయండి.

మీ వదిన

~

అద్దెపుస్తకాల షాపు,
బల్ల వెనక

వదినా,

ముందు ఆ "గారు" తీసి అవతల పారెయ్యి. "మీరు" కూడా. ఎవరో సభ్యత్వం కోసం దరఖాస్తు పెట్టుకున్నట్టుంది.

నీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను, తర్వాత నవ్వాను, తర్వాత షాపు తలుపు దగ్గరగా వేసి మళ్ళీ ఏడ్చాను. అన్నయ్యకి మాటలు పోలేదు వదినా. అన్నయ్య "లాంతరు దొంగ"లో మాట్లాడుతున్నాడు!

అది మా చిన్నప్పటి బొమ్మల సీరియల్. ఒక దొంగ ఉంటాడు, వాడికి చీకటంటే భయం. అందుకని లాంతరు పట్టుకుని దొంగతనానికి వెళ్తాడు. ఇంక దొరక్క ఏం చేస్తాడు? వాడికి గుమ్మడి అని ఒక స్నేహితుడు, వంటవాడు, పేరుకి తగ్గ బొజ్జ. ప్రమాదం వచ్చినప్పుడల్లా గుమ్మడి పొయ్యిలో చెంబెడు నీళ్ళు పోస్తాడు. చుయ్! అంటే పద, ఇక్కణ్ణుంచి బయల్దేరదాం అని. మంచం మీద పడుకుని పడుకుని విసుగెత్తి, కాస్త బయటికి తీసుకెళ్ళమని అడుగుతున్నాడు మీ ఆయన. "కిర్ర్" అనేది దొంగ దూరిన ఇంట్లో వంటింటి అలమర తెరుచుకునే చప్పుడు. అన్నయ్య చూపించింది తలుపుని కాదు, దాని అవతల నువ్వు దాచిన బిస్కెట్ల డబ్బాని. "ధభీ"కి అర్థం నేను చెప్పక్కర్లేదు.

పాత సంచికలు కట్టకట్టి పంపిస్తున్నాను. చదువు. ఎలా చదువుతావో నాకు తెలుసు. బుడగల్లో మాటలు గబగబా చదివేసి, ఇంతేనా అని పేజీ తిప్పేస్తావు. అలా కాదు. ఒక గడి చూడు. పక్క గడి చూడు. రెంటికీ మధ్య తెల్లటి సందు ఉంటుంది. మొదటి గడిలో దొంగ గోడ మీద ఉంటాడు, రెండో గడిలో కుక్క ముందు ఉంటాడు. దూకడం ఎక్కడ జరిగింది? ఆ సందులో. అది నువ్వే దూకాలి. కథల పుస్తకం నీకు అన్నీ కలిపి పెడుతుంది. బొమ్మల కథ సగం నీ చేతికిచ్చి ఊరుకుంటుంది. మా షాపుకొచ్చే పెద్ద చదువరులకి ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. కుట్టేదానివి, నీకు ఎక్కాలి. రెండు గుడ్డముక్కల మధ్య ఏం జరుగుతుందో నీకు కాక ఎవరికి తెలుస్తుంది?

అన్నయ్య పక్కన కూర్చుని చదువు. ఒక్కదానివే కాదు.

నీ మరదలు

~

కుట్టుగది,
ఎండ వచ్చిన రోజు

మరదలికి,

నీ దొంగగారు మా ఇంట్లో దిగారు. మొదటి పుస్తకం నువ్వన్నట్టే గబగబా చదివేశాను. కాఫీ చల్లారేలోపు అయిపోయింది. దీని కోసం పిల్లలు తన్నుకుంటారా అనుకున్నాను. మీ అన్నయ్య ఎడంచేత్తో నా మణికట్టు పట్టుకుని మళ్ళీ మొదటి పేజీకి తీసుకెళ్ళారు. ఒక్కో గడి మీద వేలు పెట్టి, కదలనివ్వకుండా కూర్చోబెట్టారు. నా తలప్రాణం తోకకొచ్చింది. కానీ మూడో పేజీలో ఆ కుక్క దొంగ వెనకాలే లాంతరు నోట కరుచుకుని వస్తున్నట్టు వెనక మూల చిన్నగా వేసి ఉంది చూడు, అది మొదటిసారి నాకు కనబడనే లేదు! నవ్వాపుకోలేకపోయాను. ఆయన నా వంక గొప్పగా చూశారు, ఆ కుక్కని తనే పెంచినట్టు.

బయటికి తీసుకెళ్ళాను. వీధి చివరి దాకా కుర్చీలో తోసుకుంటూ. తిరిగొస్తుంటే సైకిల్ చక్రంలో గాలి పోయిన ఒకాయన్ని చూసి "తుస్స్" అన్నారు. ఆయన కోప్పడలేదు, నవ్వాడు. మాటలు నేర్పే ఆవిడకి చెప్తే, మంచిదే, ఆ చప్పుళ్ళని మెట్లుగా వాడుకోండి అంది. నిన్న "బుడుంగ్" దగ్గర మొదలుపెట్టి "నీళ్ళు" దాకా వచ్చారు. స్పష్టంగా, "నీళ్ళు" అని. చెంబెడు తెచ్చి నా చేత్తోనే తాగించాను.

రెండు సంగతులు అడగాలి. ఈ పుస్తకాల నిండా పెన్సిల్‌తో ఎవరో చప్పుళ్ళు రాశారు, అచ్చులో లేనివి. ఎవరు రాశారు?

రెండోది. "పుటుక్కు" అంటే ఏమిటి? ఇది ఇంకెవరితోనూ అనరు, నాతోనే. ఆయన మంచం ఇప్పుడు ఈ కుట్టుగదిలోనే వేశాను. నేను మిషను ముందు కూర్చున్నప్పుడు నా మొహంలోకి చూసి, మెల్లగా, అడిగినట్టు అంటారు. ఏం కావాలండీ అని చేతిలో కత్తెరతో తలెత్తితే మొహం తిప్పుకుంటారు. నువ్వు పంపిన పుస్తకాలన్నీ వెతికాను, లేదు. పెళ్ళయిన నాటి నుంచి నన్ను పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు మీ అన్నయ్య. ఎప్పుడూ "ఇదిగో" అనేవారు. నాకు కోపంగా ఉండేది. ఇప్పుడు ఆ "ఇదిగో" కూడా లేదు. నీళ్ళకి మాట దొరికింది, దొంగకి దొరికింది, కుక్కకి దొరికింది. నాకు ఇన్నేళ్ళ కాపురానికి మిగిలింది ఈ ఒక్క చప్పుడే. అదేమిటో తెలుసుకోవాలని నాకు ఎంత ఉందో నీకు రాయలేను.

నీ వదిన

~

అద్దెపుస్తకాల షాపు

వదినా,

"నీళ్ళు" అన్నాడా! ఆ మాట దగ్గర వేలు పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో.

పెన్సిల్ సంగతి చెప్తాను. నాకు చిన్నప్పుడు జ్వరం వచ్చి వినికిడి పోయిందని తెలుసు కదా. మనుషుల మాటలు పెదాలు చూసి పట్టుకోవడం తొందరగానే వచ్చింది. చప్పుళ్ళే పోయాయి. గిన్నె పడితే అందరూ ఉలిక్కిపడతారు, నేను వాళ్ళని చూసి ఉలిక్కిపడాలి. ఒకరోజు లాంతరు దొంగ చూస్తూ అన్నయ్యని అడిగాను, బావిలో చెంబు పడితే ఏమంటుందని. అన్నయ్య పెన్సిల్ తీసి ఆ గడిలో "బుడుంగ్" అని రాశాడు. ఊరికే రాయలేదు. "బు" చిన్నగా, "డుం" బొద్దుగా, కిందికి దిగిపోతూ, "గ్" మీద నీటి చుక్కలు. చూడగానే నాకు కడుపులో తెలిసింది. అప్పట్నుంచి ఏ చప్పుడైనా రాసి చూపించేవాడు. తలుపు తెరుచుకుంటే "ర్ర్"కి వత్తు గడప దాకా సాగదీసేవాడు. గుసగుసకి తలకట్లు లేకుండా చేసేవాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారే, ఆ శంఖం ఏమంటుందో కూడా నాకు రాసిచ్చాడు: భోం. ఆ చేతిరాత చూసే తర్వాత పత్రికవాళ్ళు ఉద్యోగమిచ్చారు. దేశమంతా పిల్లలు చదివిన ఆ చప్పుళ్ళు మొదట నా ఒక్కదాని కోసం పుట్టాయి వదినా. ఇది ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్పాలనిపించింది.

షాపులో ఈ మధ్య కాస్త సందడిగా ఉంది. కథల సంపుటాలు అడిగే టీచరమ్మ ఒకావిడ, నా పోరు పడలేక ఒక బొమ్మల పుస్తకం తీసుకెళ్ళి, రెండు రోజుల్లో తిరిగొచ్చి, ఇంకోటి ఉందా అని అటూ ఇటూ చూసి, ముందుకు వంగి గుసగుసగా అడిగింది. తప్పు చేస్తున్నట్టు! గుసగుసలెందుకమ్మా, నాకెలాగూ వినబడదు అన్నాను.

పుటుక్కు అంటావా, ఏదో చిన్న చప్పుడే అయి ఉంటుంది. పట్టించుకోకు. అన్నయ్యకి రోజూ కాస్త ఎండ తగలనివ్వు.

నీ మరదలు

~

కుట్టుగది

మరదలికి,

నీ నోట్లో నువ్వుగింజ నానదని మీ అన్నయ్య ఎన్నోసార్లు అన్నారు. అలాంటిదానివి నేను ప్రాణం పెట్టి అడిగిన మాటకి ఒక్క వాక్యం రాసి ఎండ గురించి చెప్తావా?

పుస్తకాలు వరసగా పేర్చి చూశాను. వంతెన ఎక్కిన సంచిక తర్వాతది లేదు. దొంగా గుమ్మడీ తాళ్ళ వంతెన మధ్యలో ఉన్నారు, తాడు పిగులుతోంది, వచ్చే వారం చూడండి అని ఉంది. ఆ వచ్చే వారం ఏది? నువ్వు కట్టలోంచి తీసేశావు. నాకు పుస్తకాలు చదవడం రాదనుకున్నావు గానీ, ఇప్పుడు నీ పుణ్యమా అని సందులు చూడటం వచ్చింది.

ఆ పుస్తకం పంపు.

వదిన

~

అద్దెపుస్తకాల షాపు

వదినా,

పంపిస్తున్నాను. తిట్టుకోకు. నాకు భయం వేసింది, అంతే.

రెండో పేజీ చూస్తావు. తాడు తెగుతుంది. అక్కడ పెన్సిల్‌తో "పుటుక్కు" అని ఉంది. ఒక కొసన దొంగ వేలాడుతుంటాడు. గుమ్మడి కింద పడిపోతుంటాడు, పైకి చూసి, బుడగలో "నన్నొదిలెయ్, నువ్వు వెళ్ళు" అంటాడు. అదే చివరి గడి. మా చిన్నప్పటి ఆ పత్రిక అక్కడితో మూతపడింది. ఏమైందో ఎవరికీ తెలీదు.

ఆ చప్పుడు నాకు తెలిసింది ఆ ఒక్క చోటే. అందుకే నీకు చెప్పలేకపోయాను. మంచం మీద ఉన్న మనిషి, నిన్ను చూసి, ఆ మాట. ఎలా రాయను?

కానీ ఒకటి చూడు. ఆ గడి కింద చాలా చోటు ఉంది. గుమ్మడి పడితే ఏమని చప్పుడైందో రాయమని నేను ఏడ్చి గోల చేశాను. అన్నయ్య రాయనన్నాడు. "ధభీ లేదు కదా, అంటే పడలేదన్నమాట" అన్నాడు. పడని మనిషికి చప్పుడు ఎలా రాస్తామే అని నన్నే కోప్పడ్డాడు. ఆ ఖాళీ చోటు కూడా చదువు వదినా. అది అన్నయ్య రాసినదే.

మరదలు

~

కుట్టుగది,
పొద్దున

మరదలికి,

చదివాను. ఖాళీ చోటు కూడా చదివాను. నువ్వు నన్ను ఓదార్చడానికే రాశావు, తెలుసు. కానీ నాకు బుడగే కనిపిస్తోంది. నన్నొదిలెయ్, నువ్వు వెళ్ళు.

పుస్తకం ఆయన ముందు పెట్టి ఆ గడి మీద వేలు పెట్టి, "ఇదేనా మీరు నాతో అనేది?" అని అడిగాను. ఆయన గుమ్మడిని చూసి నవ్వారు. తర్వాత నన్ను చూసి నవ్వడం మానేశారు. "పుటుక్కు" అని, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకున్నారు. ఇంకేం అడగను?

నేను వదిలిపెట్టను. ఆయన అడిగినా వదలను. ఎత్తి కూర్చోబెట్టడం, స్నానం, మందులు, ఇవేవీ నాకు బరువు కాదని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. వింటూ తలూపుతారు, మళ్ళీ నేను మిషను ముందు కూర్చోగానే అదే మాట. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఉంది. మాట్లాడలేని మనిషి వెతికి వెతికి నా కోసం పట్టుకున్న మాట ఇదా అని ఉక్రోషంగా ఉంది. ఆ చప్పుడు తప్ప ఇంకేదన్నా అనండి అని నిన్న అరిచాను కూడా. అరవకుండా ఉండాల్సింది.

కొన్నాళ్ళు ఉత్తరం రాయకపోతే ఏమీ అనుకోకు.

వదిన

~

అద్దెపుస్తకాల షాపు

వదినా,

నువ్వు రాయకపోయినా నేను రాస్తాను. అరిచానని బాధపడకు. ఇంట్లో మనిషి మీద కాక పక్కింటివాళ్ళ మీద అరుస్తామా?

ఈ వారమంతా షాపులో ఉన్న ప్రతి బొమ్మల పుస్తకం తిరగేశాను. అన్నయ్య పత్రికలో రాసినవి కూడా. గొలుసు తెగితే "ఛట్" అని రాశాడు. గాలిపటం దారం తెగితే "టప్" అని. "పుటుక్కు" మళ్ళీ ఎక్కడా వాడలేదు. అది నాకు ఆశ్చర్యంగా ఉంది. ఎంత బాగున్న చప్పుడు! దాన్ని దేనికోసమో పక్కన పెట్టుకున్నాడనిపిస్తోంది. దేనికో నాకు తెలీదు. చూసిన చప్పుళ్ళే తప్ప విన్నవి లేనిదాన్ని, ఇంతకంటే నా వల్ల కాదు. ఇక వెతకాల్సిన చోటు నా షాపులో లేదు వదినా, మీ ఇంట్లోనే ఉంది. చెవి ఉన్నదానివి నువ్వు.

రాయి. రెండు మాటలైనా.

నీ మరదలు

~

కుట్టుగది,
సాయంత్రం

మరదలు పిల్లా,

రెండు మాటలు కాదు, చాలా రాయాలి. తొందరలో రాస్తున్నాను, అక్షరాలు గీతల మీద నిలబడకపోతే క్షమించు.

నీకు ఒక సంగతి చెప్పలేదు, అంత పెద్దది కాదనుకుని. ఈయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు నా ముందుపన్ను కొస విరిగింది. పళ్ళ డాక్టరు చూసి, నువ్వు దారాలు కొరుకుతావా అని అడిగాడు. కుట్టేవాళ్ళం కొరక్క ఏం చేస్తాం? ఇక ముట్టుకోవద్దన్నాడు. అప్పట్నుంచి కత్తెర మెళ్ళో కట్టుకుని దాంతోనే కత్తిరిస్తున్నాను.

ఇవాళ పొద్దున కత్తెర సానకిచ్చాను. అంతలో ఒకావిడ వచ్చి కోటు అంచు ఇప్పుడే కావాలని కూర్చుంది. కుట్టాను. దారం తెంపాలి. చేతికి ఏదీ అందలేదు. పాత అలవాటున పక్కపళ్ళతో కొరికేశాను.

మంచం మీద నుంచి మీ అన్నయ్య "పుటుక్కు!" అని ఒక్క కేక పెట్టారు. కోటావిడ అదిరిపడింది. ఆయన ఎడంచేత్తో పరుపు మీద కొడుతున్నారు, నవ్వుతున్నారు, నన్ను చూపిస్తున్నారు, కళ్ళు కారిపోతున్నాయి. ఏమైందండీ అని లేచాను. వద్దు వద్దు, కూర్చో అన్నట్టు చెయ్యి ఊపి, దారం చూపించి, నా నోరు చూపించారు. ఇంకోసారి కొరికాను. "పుటుక్కు." మళ్ళీ కొరికాను. "పుటుక్కు!" కోటావిడ సంగతి మర్చిపోయాను. దారపు ఉండనంతా తెంపి ముక్కలు చేశాను. పన్ను పోతే పోయింది.

అది నా చప్పుడే పిల్లా. ఇన్నేళ్ళూ పక్కగదిలో కూర్చుని అక్షరాలు రాసుకుంటూ ఆయన విన్నది అదే. గోడ ఇవతల మిషను ఆగుతుంది, పుటుక్కుమంటుంది. అంటే నేను ఉన్నాను. నా పళ్ళ మధ్య జరిగేది నాకు చప్పుడని ఎప్పుడైనా తోస్తేగా? నీకు వినబడదు, నాకు పట్టలేదు, మనిద్దరం కలిసి ఆయన పిలుపుని వంతెన మీద నుంచి తోసేశాం. ఇంటికొచ్చాక అది వినబడటం మానేసింది. రోజూ నా మొహంలోకి చూసి అడుగుతున్నది ఆయన నన్ను వదిలెయ్యమని కాదు. నా చప్పుడు ఏదని. నేను కత్తెర తీసినప్పుడల్లా మొహం తిప్పుకున్నది అందుకు.

నేను ఎంత ఏడ్చానో రాయను. కోటావిడ నన్ను పట్టుకుని తనూ ఏడ్చింది, ఎందుకో తెలీకుండానే.

తర్వాత ఆయన కుంచె అడిగారు. ఎడంచేత్తో, గాల్లో రాసి చూపించి. నేను కొలతలు గీసుకునే గోధుమరంగు కాగితం పెద్దది పరిచి, రంగు కలిపిచ్చాను. చేతికి అలవాటు లేదు, రెండుసార్లు కుంచె జారింది, నేను పట్టుకోబోతే తోసేశారు. మధ్యాహ్నమంతా పట్టింది. రాయడం అయ్యాక కాగితం నాకివ్వలేదు. నాకెందుకు, నేను వింటున్నాను కదా. తన చెవి ముట్టుకుని, లేదన్నట్టు చెయ్యి ఊపి, కిటికీలోంచి దూరంగా చూపించారు. మొదట అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. నీకు. నీకు వినబడదు కదా, అందుకని నీకు రాశారు.

ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు. నా చప్పుడు కూడా నీకే చూపించాలట! ఇంతకుముందైతే ఒళ్ళు మండేది. ఇవాళ నేనే చుట్టి, మడత పడకుండా అట్టగొట్టంలో పెట్టి పంపిస్తున్నాను. జాగ్రత్తగా విప్పు.

నీ వదిన

~

అద్దెపుస్తకాల షాపు

వదినా,

విప్పాను. బల్ల చాల్లేదు. నేల మీద పరుచుకుని, ఈ మోకాలితోనే, పక్కన కూర్చున్నాను.

"పు" గుండ్రంగా, నిండుగా ఉంది, నోట్లో దారం పెట్టుకున్నప్పుడు నీ పెదాల్లా. "టు" దాన్ని అంటిపెట్టుకునే ఉంది. ఆ తర్వాత సన్నటి సందు. ఆ అవతల "క్కు". దాని కింద వత్తు కొంచెం వదులుగా వేలాడుతోంది, తెగిన దారం కొసలా. గీతలు వంకరగానే ఉన్నాయి. అన్నయ్య ఇంతకంటే బాగా రాసినది నేను చూడలేదు.

నువ్వు దారం కొరకడం నేను ఎన్నిసార్లు చూశానో! మీ పెళ్ళయిన కొత్తలో నీ పక్కనే కూర్చుని బొత్తాలు అందించేదాన్ని. తల కొంచెం వంచి, కళ్ళు మూసి కొరుకుతావు. అందులో చప్పుడుందని నాకు తెలీనే తెలీదు. ఇవాళ విన్నాను వదినా. నిజంగా విన్నాను.

అన్నయ్యతో చెప్పు, అందిందని. చెయ్యి నొప్పి తగ్గాక ఇంకొక్కటి రాసి పంపమను. నీ నవ్వు ఎలా ఉంటుందో నాకు ఇంతవరకూ ఎవరూ రాసివ్వలేదు.

నీ మరదలు